వాగులో కలిపిన బుద్ధులు

"చిరిగిన దేవుడి రాతలు ఇంట్లో పెట్టుకుంటే ఏదో కీడు తప్పదే తల్లీ. పొద్దుటినుంచీ నా కుడికన్ను అదురుతోంది."

"అవి కత్తిరించిన ఫొటోలమ్మా! అసలు కాగితాలు లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి," అంది కిరణ్మయి టోస్ట్ నములుతూ. "ఎప్పుడో యూదుల పెద్దలు పిల్లలకి చెప్పిన బుద్ధులు. సోమవారం మా ప్రొఫెసర్‌కి చూపించాలి. టేబుల్ ముట్టుకోకు, ప్లీజ్." అని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది.

శేషుకుమారికి మనసు నిలవలేదు. దేశంకాని దేశంలో, క్వేకర్స్ హిల్‌లో కూతురింటికి వచ్చినప్పటినుంచీ చూస్తోంది, భోజనాల బల్లనిండా ఎలుకలు కొరికినట్టున్న ముక్కలే. వాటిలో దేవుడి పేరుందని కూతురే చెప్పింది. ఏ దేవుడైతేనేం? పగిలిన విగ్రహం, చిరిగిన పటం ఇంట్లో ఉంచకూడదు. చెత్తలోనూ వెయ్యకూడదు. మొన్న కిరణ్మయికి జ్వరం, నిన్న కారుకి సొట్ట. రేపింకేం రాసిపెట్టుందో!

ముక్కలన్నీ మూటగట్టి, పార్కు వెనక వాగులో కలిపి దణ్ణం పెట్టుకుని వచ్చింది.

సాయంత్రం కిరణ్మయి గుమ్మంలోనే ఆగిపోయింది. "ముక్కలేవమ్మా?"

"కిటికీ తీసుంది కదా... గాలికేమో."

అనేసరికే చెవులు వేడెక్కాయి. పిచ్చిపిల్ల ఆ మాట నమ్మి మోకాళ్ళమీద సోఫా కింద వెతుకుతోంది. ఫ్రిజ్ వెనక చీపురు పెట్టి లాగుతోంది. శేషుకుమారి చూడలేకపోయింది.

"వెతక్కే. వాగులో కలిపాను."

ఇద్దరూ పరుగెత్తారు. రెల్లులో చిక్కుకుని ఒకే ఒక్క ముక్క దొరికింది. వెనకవైపు పెన్నురాత నీలం మరకైంది.

"ఫొటోలు మళ్ళీ తీసుకోవచ్చు. దేని పక్కన ఏది అతుకుతుందో ఏడాదిగా తేల్చి వెనక రాసుకున్నానమ్మా." అని గట్టుమీద చతికిలబడింది.

కుక్కని తిప్పుతున్న ఎవరో పలకరిస్తే శేషుకుమారి మొహం తిప్పుకుంది. పెద్దల బుద్ధులు నీళ్ళపాలు చేసిందే కాక, కన్నబిడ్డతో అబద్ధం కూడానా!

"తిట్టవే. నన్ను రేపే విమానం ఎక్కించెయ్. ఏదో ఒకటి అను."

కిరణ్మయి ఆ ముక్కనే తిప్పి తిప్పి చూస్తోంది. నీళ్ళమీద ఎండ చెట్లమీదికి, చెట్లమీంచి ఇళ్ళ కప్పులమీదికి పోయింది. శేషుకుమారి చెప్పులు చేత పట్టుకుని అలాగే నిలబడింది.

చివరికి కిరణ్మయి ఆ ముక్కని చున్నీతో అద్దింది.

"ఆ యూదులూ నీలాంటివాళ్ళే. దేవుడి పేరున్న కాగితం పారెయ్యలేక మందిరంలో ఒక గది నింపారు. అందుకే మాదాకా వచ్చాయి." లేచి నిలబడింది. "పద, మళ్ళీ ప్రింట్లు తీస్తాను. కత్తిరించే పని నీది. గాలి మీద మాత్రం ఇంకోసారి నెట్టకు."