ఆవిడ దగ్గు

కత్తులు చేసేవాళ్ళలో మొనగాడెవరో తేల్చే పోటీ అది. మడిచి జేబులో వేసుకునే కత్తులకు అక్కడ చోటు లేదు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు ముక్క కావాలి, చేసినవాడి చేతిపనే కావాలి. అందం చూస్తారు, పదును చూస్తారు, లావుపాటి తాడు కోసి చూస్తారు. చివరికి కత్తిని వైసు ఇనుప దవడల మధ్య బిగించి వంచుతారు. వంగి మళ్ళీ నిటారుగా లేస్తే మంచి కత్తి. విరిగిందంటే, ఆ విరిగిన చోటే చేసినవాడి జాతకమంతా చదివేస్తారు.

ఉస్తాదుకు అప్పటికే రెండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. అందరూ ఆయన్ని ఉస్తాదనే పిలిచేవారు, పిలవనివాళ్ళకు ఆయన పలికేవాడు కాదు. మూడోసారి కూడా నెగ్గితే జడ్జీల బల్ల దగ్గర బతికినంతకాలం ఆయనకో కుర్చీ. ఇక కొలిమి దగ్గరకు పోనక్కర్లేదు, ఊళ్ళోవాళ్ళ కత్తులు విరుస్తూ కూర్చోవచ్చు. ఆ కుర్చీ దొరక్కపోతే ఆయన గుట్టు ఏదో ఒకరోజు రట్టు కాక తప్పదు.

గుట్టేమిటంటే, ఉస్తాదుకు కళ్ళు పోతున్నాయి. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, రంగు మాత్రం తెలియదు. కొలిమిలో ఉక్కు ఏ ఎరుపుకు వచ్చినప్పుడు తీసి నూనెలో ముంచాలన్నదే ఈ విద్యలో అసలు సంగతి. తొందరపడితే కత్తి మెత్తన, ఆలస్యమైతే పెళుసు. వేడి కొలిచే మీటర్లున్నాయి, అయస్కాంతం పెట్టి చూసే పద్ధతీ ఉంది. అవన్నీ చేతకానివాళ్ళ చేతికర్రలని జీవితమంతా ఎగతాళి చేసిన పెద్దమనిషి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కొంటాడు? అందుకని ఆయన భార్య దగ్గేది.

ఆవిడ కొలిమి పక్కనే ముసలిదైంది. ఒకరోజు ఆయన ఉక్కును మరీ మాడుస్తుంటే ఉండబట్టలేక దగ్గింది. ఆయన చటుక్కున తీశాడు. కత్తి బ్రహ్మాండంగా కుదిరింది. అప్పటి నుంచి అదే ఏర్పాటు. దాని గురించి మొగుడూ పెళ్ళాలు ఒక్కమాటైనా అనుకోలేదు. రెండు బహుమతులూ ఆ దగ్గు తెచ్చినవే. బయట మెట్లెక్కినా దిగినా ఆయన చేయి ఆవిడ భుజం మీదే. ఈ వయసులో ఎంత ప్రేమో అని చూసినవాళ్ళు మురిసిపోయేవారు.

కిందటేడు బహుమతి ఇచ్చేటప్పుడు వేదిక మీద ఎవరో అడిగారు.

"మీ ఆవిడ కూడా పనిలో సాయం చేస్తారా అండీ?"

"ఎందుకు చెయ్యదూ! కొలిమి పక్కన నిలబడి ఊరికే దగ్గుతూ ఉంటుంది. అదే ఆవిడ సాయం."

హాలంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వింది.

ఈసారి కత్తి చూడటానికి రెండు కళ్ళూ చాలవు. నల్లచేవ చెక్క తొడిగిన పిడి, అద్దంలా మెరిసే ఉక్కు అలుగు. పెద్ద జడ్జి ఒకప్పుడు ఉస్తాదు దగ్గర మొట్టికాయలు తింటూ తిత్తి ఊదిన శిష్యుడే. కత్తిని వైసులో బిగించి, నెమ్మదిగా వంచాడు. సగం వంగకుండానే ఠప్పున విరిగింది.

విరిగిన ముక్కను వెలుగులో పెట్టి చూశాడు.

"గురువుగారూ, లోపలంతా పంచదార పలుకుల్లా ఉంది. బాగా మాడ్చేశారు."

"పైన పటారం, లోన లొటారం," అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఉక్కు దరిద్రపుది," అన్నాడు ఉస్తాదు. "అమ్మినవాడు మోసం చేశాడు."

ఆడలేక మద్దెల ఓడన్నాడు గానీ, పెళ్ళాం కావాలని ఆలస్యంగా దగ్గిందన్న అనుమానం ఆయనకు రాలేదు. రావాలంటే ముందు ఆవిడకు బుర్ర ఉందని ఒప్పుకోవాలి.

"అయితే మా ఉక్కు ఇస్తాం," అన్నాడు శిష్యుడు తియ్యగా. "వసారాలో కొలిమి వెలుగుతోంది. సాగదీసిన అలుగు సిద్ధంగా ఉంది, మీరు కాల్చి ముంచితే చాలు. కుదిరిందా, మిమ్మల్ని మళ్ళీ లెక్కలోకి తీసుకుంటాం."

కాదంటే పరువు పోతుంది. ఉస్తాదు పటకారు అందుకున్నాడు.

"ఏమే, ఇలా వచ్చి పక్కన నిలబడు."

ఆవిడ వచ్చి నిలబడింది. జనం చుట్టూ మూగారు. ఉక్కు నల్లబడి, కందిపోయి, దానిమ్మ గింజ రంగుకు వచ్చింది. అదే సమయం. ఆవిడ ఊరుకుంది. ఉస్తాదు చెవి ఆవిడ వైపు వంచాడు. దానిమ్మ రంగు దాటి నారింజకు వచ్చింది. ఆయన తనే చిన్నగా గొంతు సవరించుకున్నాడు, మరిచిపోయావేమిటే అన్నట్టు. కుర్రకారులో ఒకడు నోరు తెరవబోతే పెద్ద జడ్జి కళ్ళెర్రజేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మిగతావాళ్ళు ఊరుకున్నారు. మొదటి కత్తితోనే ఆవిడ కసి తీరిపోయింది నిజానికి. ఇప్పుడు ఆవిడకు రుచి తెలిసింది.

ఉక్కు పసుపుపచ్చగా మండిపోతుండగా ఆవిడ దగ్గింది.

ఉస్తాదు మొహం వెలిగిపోయింది. పాత ఠీవితో అలుగు తీసి, నలుగురికీ కనపడేలా ఎత్తి, నూనెలో ముంచాడు. మంట భగ్గుమంది. ఆ వెనకే నూనెలోంచి సన్నగా 'టిక్' మంది.

అలుగు చీలిన చప్పుడది. కళ్ళు పోయినా ఆయనకు చెవులు పోలేదు. అప్పుడర్థమైంది. భార్య వైపు తిరిగాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది. మోసం చేసిందని అరవాలంటే, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గుకు కత్తి తీశాడో కూడా చెప్పాలి.

"ఏమైనా చెబుతారా గురువుగారూ?"

"ఏం లేదు."

"పోన్లెండి. ఒకసారి కళ్ళు చూపించుకోండి," అన్నాడు శిష్యుడు అందరికీ వినపడేలా.

ఉస్తాదు పటకారు కింద పెట్టి వసారా అంచుకు నడిచాడు. అక్కడి నుంచి వీధిలోకి మెట్లు. అలవాటుగా చేయి పక్కకు చాపాడు. భుజం తగల్లేదు.

"ఏమే," అన్నాడు. తర్వాత, ఎన్నడూ లేనంత మెల్లగా, "ఎక్కడున్నావే?" అన్నాడు.

అప్పటికే మెట్లు దిగిపోయిన ఆవిడకు జాలి వేసింది. వేసినా వెనక్కి రాలేదు. కింద వీధిలో నిలబడి ఒక్కసారి దగ్గింది.

ఆ దగ్గును నమ్మి అడుగు వేయాలో వద్దో తేలక, ఉస్తాదు అంతమంది ముందు ఒక కాలు గాలిలోకి చాచి అలాగే నిలబడిపోయాడు.