రాతిగోడకు ఇవతలి నీళ్ళు

డెబ్బై ఒక్కేళ్ళ జీవితంలో యేసన్న నూట పదమూడు బోర్లకు చోటు చూపించాడు. వాటిలో నీళ్ళు పడినవి తొంభైకి పైనే. బురద పోయి తేట నీళ్ళు మొదలయ్యే క్షణాన, చోటు చూపిన మనిషికి మొదటి చెంబు అందించడం కంబదూరు చుట్టుపక్కల ఆనవాయితీ. ఆ చెంబు మాత్రం యేసన్న చేతికి ఏనాడూ రాలేదు. తోట యజమాని మూరెడు ఎత్తునుంచి నీళ్ళు వంపితే, ఆయన ముందుకు వంగి దోసిలి పట్టి, మోచేతుల వెంట కారిపోయింది పోగా మిగిలింది తాగేవాడు. నీళ్ళు కనిపెట్టిన చేతులూ, వాటిని అడుక్కున్న చేతులూ ఒకటే.

నల్లగుట్టపల్లికి నీళ్ళు కరువవడం ఒక్క వేసవిలో జరిగింది కాదు. మూడేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. చీనీ తోటలను, అంటే బత్తాయి తోటలను బతికించుకోవడానికి పెద్దవీధి రైతులు ఒకరిని మించి ఒకరు లోతుకు దిగారు. ఒకరి లోతు బోరు మరొకరి లోతు తక్కువ బోరును చంపింది. చివరికి ఊరి ట్యాంకును నింపే బోరు కూడా గాలి కక్కింది. ఏప్రిల్ నెలలో వేసిన నాలుగు కొత్త బోర్లలో, తొమ్మిది వందల అడుగుల దాకా తెల్లటి రాతిపొడి తప్ప తడి తగల్లేదు.

ఎండనిది ఒక్కటే. ఎస్సీ కాలనీలో, చర్చి పక్కన, నూట ఎనభై అడుగుల చేతిపంపు. దాన్ని అందరూ బోరింగు అంటారు. దానికి చోటు చూపింది యేసన్న తండ్రి. నలభై రెండు కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి.

అది ఎందుకు ఎండలేదో యేసన్న మనవరాలు అంజలి చెప్పింది. కొడుకు జయరాజు బెంగళూరులో కట్టడం పనికి పోతే, ఆ పిల్ల అవ్వాతాతల దగ్గర పెరిగి, ఇప్పుడు అనంతపురంలో భూగర్భశాస్త్రం చదువుతోంది.

"తాతా, మన కాలనీకీ ఊరికీ నడాన భూమిలో నల్లరాయి గోడ మాదిరి నిలబడి ఉండాది. గుట్ట మీదనుంచి దిగే నీళ్ళు దానికి తగులుకోని ఈడనే ఆగిపోతాయి. ఊళ్ళోవాళ్ళు గోడకు అవతల ఉండారు. వాళ్ళెన్ని బోర్లేసినా పడవు."

యేసన్న నవ్వాడు. "మంచి నేలంతా వాళ్ళు పెట్టుకోని, మా తాతలను ఈ రాళ్ళలోకి తరిమినారు. ఇప్పుడు నీళ్ళు మన తట్టు వచ్చి కూసున్నాయి. అంటే నీళ్ళు గూడా మన కులమే అనమాట!"

"నీ ఎగతాళీ నువ్వూనూ," అంది భార్య చిన్నక్క, బిందె తోముతూ. "ఆ మాట ఊళ్ళో అనొద్దు. నీళ్ళు తాగడం మానుకుంటారు."

ఆమె కూడా ఎగతాళికే అంది.

మే రెండో వారంలో విష్ణువర్ధన్ కబురు పెట్టాడు. పెద్దవీధికి పెద్ద ఆయనే. ఆయన తల్లి సుబ్బలక్ష్మమ్మ రెండుసార్లు సర్పంచిగా చేసింది. తల్లి యేసన్నను "యేసిగా" అని పిలుస్తుంది, కొడుకు "యేసన్నా" అంటాడు. ఒక తరంలో వచ్చిన మార్పు అంతవరకే. నీటి సరఫరా ఇంజనీరు ఉదయ్ కుమార్ కూడా వచ్చి ఉన్నాడు. బోరు బండి సిద్ధంగా ఉంది. చోటే తెలియాలి.

యేసన్న పొద్దుటినుంచి పెద్దవీధి చుట్టూ తిరిగాడు. అరచేతిలో పీచు తీసిన టెంకాయను అడ్డంగా పడుకోబెట్టి నడిస్తే, కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుంది. టెంకాయ సంగతి ఎలా ఉన్నా, ఆయన కళ్ళు పుట్టలనూ, రాతి చారలనూ, చెట్ల వాలునూ చదువుతూనే ఉంటాయి. ఆ రోజు కళ్ళకూ ఏమీ దొరకలేదు, టెంకాయా లేవలేదు.

"ఈ తట్టు లేవు సామీ," అన్నాడు చివరికి. "మా తట్టు ఉండాయి."

పందిరి కింద కుర్చీలో కూర్చున్న సుబ్బలక్ష్మమ్మ విసనకర్ర ఆపింది. "ఏమిరా యేసిగా, మీ గేరిలో నీళ్ళు మేం తాగల్లనా? ఎండ దెబ్బకు నీకు మతి చెడిందా ఏం?"

"నీళ్ళు భూమివమ్మా. గేరివి కావు."

"ఊరుకో అమ్మా," అన్నాడు విష్ణువర్ధన్. "దప్పికకు చస్తాండాం. యేసన్నా, నువ్వు పాయింటు పెట్టు."

ఇంటికి వచ్చేసరికి అంజలికి విషయం తెలిసిపోయింది. "తాతా, ఒప్పుకోవద్దు. లోతు బోరూ మన బోరింగూ ఒకే పగుల్లోంచి తాగుతాయి. మోటరు పెట్టి లాగితే పదినాళ్ళు గూడా ఆగదు మనది."

యేసన్న దగ్గర దానికి సమాధానం ఉంది. అది ఒక్కరోజులో పుట్టినది కాదు, ఒక జీవితకాలం మోసినది. "ఏం కాదమ్మా. నీళ్ళు మన కాడ ఉంటే, వాళ్ళే మన కాడికి రావల్ల కదా. సుబ్బలక్ష్మమ్మ కోడలు బిందె పట్టుకోని మీ అవ్వ ఎనకాల నిలబడల్ల. ఒగ ఏడాది ఒగే వరసలో నిలబడితే ఆ వరస అలవాటైపోతాది. చదువులు చేయలేంది, చట్టాలు చేయలేంది దప్పిక చేస్తాది."

"దప్పిక కాడ గూడా వాళ్ళకు చెంబులు రెండు రకాలు తాతా. నీకు తెలీదా?"

"ఊరికే చూపీను. మాట తీసుకుంటా," అన్నాడు యేసన్న.

మాట తీసుకున్నాడు కూడా. ఆ ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. బోరు పాయింటు మీద టెంకాయ కొట్టి ఇచ్చిన మాట తప్పితే, ఆ బోరులో నీళ్ళు ఇంకిపోతాయి. భూమికి భయపడని మనిషి ఉండడని యేసన్న లెక్క. చర్చికి ముప్పై అడుగుల దూరాన టెంకాయ ఆయన అరచేతిలో నిటారుగా లేచింది. అక్కడి రాతి మీదే దాన్ని పగలగొట్టి, విష్ణువర్ధన్‌ను అడిగాడు.

"బోరు కాడనే కొళాయి పెట్టల్ల సామీ. అందరికీ ఒగే కొళాయి, ఒగే వరస."

"అట్లనే కానీప్పా," అన్నాడు విష్ణువర్ధన్, టెంకాయ చిప్పను కళ్ళకద్దుకుని.

నాలుగు వందల పది అడుగుల దగ్గర రెండించుల నీళ్ళు పడ్డాయి. కాలనీ పిల్లలు బురదలో పొర్లాడారు. చిన్నక్క ఏడ్చింది. నీళ్ళు తేటపడగానే విష్ణువర్ధన్ జీపులోంచి స్టీలు చెంబు తెప్పించి, నింపి, మూరెడు ఎత్తుకు లేపాడు. యేసన్న ఒక్క క్షణం ఆగాడు. ఇది ఆయన కాలనీ. ఎదురుగా ఆయన చర్చి. తరవాత దోసిలి పట్టాడు. కొళాయి రానీ, ఇదే చివరి దోసిలి అవుతుందని మనసుకు చెప్పుకున్నాడు.

కొళాయి రాలేదు. నాలుగు రోజుల్లో బోరు పక్కన స్టార్టరు డబ్బా వచ్చింది, దానికి తాళం వచ్చింది. తాళంచెవి పెద్దవీధికి పోయింది. బోరునుంచి ప్లాస్టిక్ పైపు కాలనీ నడుమగుండా, యేసన్న వాకిలి ముందునుంచి, నేరుగా ఊరి ట్యాంకుకు పోయింది. అంజలి ఇంజనీరును నిలదీసింది.

"కాలనీ కొళాయి అంచనాలో ఉందమ్మా," అన్నాడు ఉదయ్ కుమార్, ఆమె కళ్ళలోకి చూడకుండా. "రెండో విడతలో వస్తుంది. నా చేతుల్లో ఏముంది?"

పైపు వేసిన మరునాడు మూడుసార్లు ట్యాంకు నిండింది. మూడుసార్లూ సుబ్బలక్ష్మమ్మ దగ్గరుండి పసుపు కలిపించి, ఆ నీళ్ళన్నీ వంకలోకి వదిలించింది. శుద్ధి అయ్యాక నాలుగోసారి నింపిన నీళ్ళు ఊరు తాగింది. నలభై రెండు ఇళ్ళు నెల రోజులు తాగగలిగే నీళ్ళు ఎర్రమట్టిలో ఇంకిపోవడాన్ని యేసన్న వంక మీది వంతెనపై నిలబడి చూశాడు. మాట తప్పితే బోరు ఎండుతుందన్న నమ్మకం కూడా అక్కడే ఇంకింది. ఎందుకంటే బోరు ఎండలేదు.

ఎండింది బోరింగు. అంజలి చెప్పిన పదినాళ్ళు కూడా పట్టలేదు. తొమ్మిదో రోజు పొద్దున చిన్నక్క పిడి కొడుతుంటే, ఇనుము ఇనుముతో రాచుకునే కీచుమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె కొడుతూనే ఉంది. వెనక బిందెలతో ఉన్న ఆడవాళ్ళు ఎవరూ ఆమెను ఆపలేదు. చివరికి సిద్దమ్మ అనే ముసలామె వచ్చి, పిడి మీదున్న ఆమె చేతిని మెల్లగా విడదీసింది. అప్పుడు అందరూ యేసన్న వైపు చూశారు. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఆ రోజునుంచి వరస తయారైంది, యేసన్న కోరినదానికి తలకిందులైన వరస. కాలనీ ఆడవాళ్ళు కిలోమీటరు నడిచి ఊరి ట్యాంకు దగ్గరికి పోవాలి. కొళాయిలు ముట్టుకోకూడదు. ఊరి బిందెలన్నీ నిండాక, పెద్దవీధి ఆడమనిషి ఒకతె గట్టు మీద నిలబడి, రబ్బరు గొట్టంతో పైనుంచి వీళ్ళ బిందెల్లోకి వదులుతుంది.

"ఏమే చిన్నక్కా, మీ ఆయన మంత్రమేసి తెచ్చిన నీళ్ళు కదా, తియ్యగుండాయి!" అని గట్టుమీది మనిషి నవ్వింది.

"తియ్యగా ఉంటాయి తల్లీ, మావి కాబట్టి," అంది చిన్నక్క. ఆ జవాబుకు ఆమె బిందె ఆ రోజు సగమే నిండింది.

మూడో రోజు చిన్నక్క వరసలోనే పడిపోయింది. పొద్దున ఎనిమిదినుంచి పన్నెండున్నర దాకా ఎండలో నిలబడ్డ మనిషి ఆమె. ఇద్దరు ఆడవాళ్ళు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. పెదాలు పగిలి ఉన్నాయి, ఒళ్ళు పెనంలా కాలుతోంది. అంజలి తడిగుడ్డ కోసం కుండలో చెయ్యి పెట్టింది. కుండ అడుగు గరుకుగా తగిలింది.

"తాతా, ఒగ చెంబు తీసకరా, యాడన్నా! అవ్వకు తాపల్ల. లేకుంటే దక్కదు!"

యేసన్న మూడిళ్ళు తిరిగాడు. మూడిళ్ళలోనూ కుండలు బోర్లించి ఉన్నాయి. తిరిగి వస్తుంటే, తన వాకిలి ముందు పాదాల కింద ఏదో కదిలినట్టు తోచింది. రాతినేల కావడం వల్ల పైపును జానెడు లోతులోనే పూడ్చి మట్టి కప్పారు. ఆయన కూర్చుని, మట్టి తోసి, పైపు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా, సన్నగా వణుకుతోంది. లోపల రెండించుల నీళ్ళు ఊరికి పోతున్నాయి. నూట పదమూడుసార్లు భూమిలో నీళ్ళను వెతికిన చేతికి, అంత దగ్గరగా నీళ్ళు ఏనాడూ తగల్లేదు.

లేచి, లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు.

రెండు పోట్లకు పైపు పగిలింది. నీళ్ళు ఆయన తలను దాటి ఎగిరాయి. అంజలి మొదటి చెంబుతో అవ్వ తల తడిపి, గొంతులో చుక్కచుక్కగా పోసింది. చిన్నక్క కళ్ళు తెరిచింది. అంతలో కాలనీ అంతా బిందెలతో, బకెట్లతో, అన్నం గిన్నెలతో పరిగెత్తుకొచ్చింది. ఒకరినొకరు తోసుకున్నారు, తిట్టుకున్నారు, నవ్వారు. యేసన్న గుంత పక్కన గడ్డపార మీద చేతులాన్చి కూర్చున్నాడు. పరిగెత్తే ఆలోచన ఆయనకు రాలేదు.

ట్యాంకులోకి ధార ఆగిపోగానే ఊరు కదిలింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక, పెద్దవీధి మొత్తం కాలనీలోకి రావడం అదే మొదటిసారి. ఆయన కోరుకున్నది అదే. వచ్చారు. చేతుల్లో బిందెలు లేవు, కట్టెలున్నాయి. ముందు విష్ణువర్ధన్, పక్కన ఇద్దరు పోలీసులు.

"ఏం పనప్పా ఇది యేసన్నా? ఊరి సొత్తు పగలగొడతావా? కేసు అయితాది, తెలుసా?"

యేసన్న లేచి, గుంతలోంచి చెంబు ముంచి, నిండా పట్టుకుని, ఆయన ముందు నిలబడ్డాడు. "ఎండన పడి వచ్చినావు. తాగు సామీ."

విష్ణువర్ధన్ చొక్కా చెమటతో ఒంటికి అంటుకుంది. పెదాలు ఆరిపోయి ఉన్నాయి. ఆయన చెంబును చూశాడు, వెనక నిలబడ్డ ఊరిని చూశాడు.

"పన్నెండు దినాలుగా నువ్వు తాగేవి ఇవే కదా," అన్నాడు యేసన్న. "పైపులో వస్తే తాగుతావు. నా చేతినుంచి అయితే వద్దా?"

"ఎక్కువ మాట్లాడొద్దు. ఎక్కించండప్పా జీపు."

పైపు ఆ సాయంత్రానికల్లా అతికిస్తారు. బోరింగు మళ్ళీ పలకదు. అది తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. యేసన్న ఆ చెంబును అంజలి చేతికిచ్చాడు. ఆ పిల్ల దాన్ని నోటికి ఆనించుకుని, విష్ణువర్ధన్ కళ్ళలోకి చూస్తూ, గటగటా తాగేసింది.

జీపు కంబదూరు దారి పట్టింది. వెనక యేసన్న పక్కన కూర్చున్న కానిస్టేబుల్ పేరు జాకబ్. మెడలో చిన్న శిలువ ఉంది. విడపనకల్లు వైపు కాలనీ పిల్లవాడే. ఊరు దాటాక తన నీళ్ళ సీసా మూత తీసి ముందుకు చాపాడు.

"పెద్దాయనా, గొంతు ఎండిపోయింటాది. తాగు."

యేసన్న రెండు చేతులూ లేచాయి. లేచి, ఒకదానికొకటి తగిలి, దోసిలి అయి, సీసా కింద నిలబడ్డాయి.

"అదేంది తాతా?" అన్నాడు జాకబ్, గొంతు తగ్గించి. "సీసా పట్టుకో. నేనూ మనోణ్ణే."

యేసన్నకు ఆ మాట వినబడింది. ఆ పిల్లవాడు ఎవరో తెలిసింది. గంట కిందట ఈ చేతులే గడ్డపార పట్టాయి, ఊరంతటి ముందు చెంబు చాపాయి. అయినా అవి ఆయన మాట వినడం లేదు. వేళ్ళ సందులు బిగుసుకుని, గిన్నెలా వంగి, అలాగే ఉన్నాయి. జీపు కుదుపుకు సీసాలోంచి కాసిని నీళ్ళు వాటిలోకి ఒలికి, మోచేతుల వెంట మోకాళ్ళ మీదికి కారాయి.

జాకబ్ సీసా వెనక్కి తీసుకోలేదు. యేసన్న తలవంచి, తన చేతులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.