కనకవల్లి పేరు మీద సూదులు

దామోదరం పది సూదులు అడిగాడు. మందుల షాపు వెంకటాచలం తలెత్తకుండానే అలవాటుగా అరలోంచి ప్యాకెట్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"అక్కకేనా అన్నా? షుగరు ఎట్లుంది?"

అవునంటే పని అయిపోయేది. భార్య కనకవల్లికి ఇన్సులిన్ సూదులు ఏళ్ళ తరబడి ఈ బల్ల మీదే కొన్నాడు. ఎందుకని ఒక్కనాడూ ఎవరూ అడగలేదు.

"అది పోయి రెండేళ్ళయింది. నువ్వు వచ్చి దండ కూడా వేసినావు. ఇవి మా దీపక్‌కి."

వెంకటాచలం చెయ్యి ప్యాకెట్ మీద పడింది. ప్యాకెట్ మళ్ళీ అరలోకి పోయింది.

"ఆ పనులకి ఈడ సూదులియ్యం అన్నా. మర్యాదగా నడిచే షాపు."

దామోదరానికి ఒళ్ళు మండింది. కొడుకు దీపక్ మత్తు కోసం కరిగించి నరానికి ఎక్కించుకునే నొప్పి మాత్రలు ఈ మర్యాదస్తుడి గల్లాపెట్టె కింది సొరుగులోంచే వస్తాయి, డాక్టరు చీటీ లేకుండా. చెన్నై తిరువొత్తియూరు రైలుకట్ట పక్కన దీపక్‌తో కలిపి నలుగురు స్నేహితులు ఒకే సూది మార్చుకుంటారు. వాళ్ళలో జెబ అనేవాడికి పోయిన నెల హెచ్ఐవి అని తేలింది. దీపక్ పరీక్షలో ఇంకా ఏమీ కనబడలేదు, కొన్నాళ్ళకి మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు. అంతకుముందు కొత్త సూదులు పంచే సంస్థ వాళ్ళు వీధికి వచ్చేవాళ్ళు. చెడ్డపేరని వ్యాపారుల సంఘం వాళ్ళని వెళ్ళగొట్టింది. ఈ కుర్రాళ్ళకి సూదులమ్మొద్దని అన్ని షాపులకీ చెప్పింది. ఆ సంఘానికి పెద్ద వెంకటాచలమే.

"మాత్రలు మానిపించేది నా వల్ల కాలేదు," అన్నాడు దామోదరం. "జెబ సూది నా కొడుక్కి గుచ్చుకోకుండా అయినా చూసుకోవద్దా?"

"మెల్లగా మాట్లాడన్నా." వెంకటాచలం గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. బిల్లులో అక్క పేరే రాస్తా. తీస్కపో."

"చచ్చినదాన్ని ఇంకా పొడిపిస్తావా? బతికినన్నాళ్ళూ పొడిపించుకునింది, చాలు. దీపక్ పేరు రాయి."

"రాయను."

ముసలివాళ్ళ కోసం వేసిన స్టూలు లాక్కుని దామోదరం గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. దగ్గుమందుకి వచ్చిన చేపల అంజలై ఆగిపోయింది. ఆ నలుగురిలో ఒకడు ఆమె కొడుకు సూర్య.

"ఏం మామా, వీధికి కాపలా పెట్టినారా నిన్ను?"

"ఈ షాపులో మత్తు మాత్రలిస్తారు, సూదులియ్యరు. మీ సూర్య కూడా ఈడనే కొంటాడు. తెలుసా?"

అంజలై దగ్గుమందు అడగలేదు. బుట్ట దించి మెట్టు మీద తనూ కూర్చుంది.

కాసేపటికి దీపక్ వచ్చాడు. తండ్రిని చూసి ఆగాడు. వెంకటాచలం కళ్ళతోనే పొమ్మన్నాడు.

"ఎందుకు పొమ్మంటావు? రోజూ ఇచ్చేది నా ముందర ఇయ్యి," అన్నాడు దామోదరం. "దాని పక్కన సూదులు పెట్టు. నలుగురికీ. ఒక్కడికిస్తే మళ్ళీ నలుగురూ దాన్నే పంచుకుంటారు."

"నేనేం మాత్రలిచ్చినాను?"

దీపక్ గల్లాపెట్టె కింది సొరుగు వైపు చెయ్యి చూపించాడు.

అంజలై లేచి నిలబడింది. వెంకటాచలం షట్టరు దించడానికి కొక్కెం అందుకున్నాడు. దామోదరం స్టూలు సరిగ్గా షట్టరు కిందకి జరుపుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ముందు సూదులు," అన్నాడు.