నలభై మూడు మేకులు

తాళాల బాబాయి కొట్టు వీధి మలుపులో ఉంది. కొట్టంటే మరీ కొట్టేం కాదు, ఒక మనిషి, ఒక స్టూలు, ఒక ఆకురాయి పట్టేంత చోటు. వెనక గోడకి మాత్రం తలుపంత చెక్క పలక, దాని మీద నలభై మూడు మేకులు, మేకుకొక తాళంచెవి. అవన్నీ వీధిలోవాళ్ళ మారు తాళంచెవులు. ఒక్కదానికీ చీటీ ఉండదు. ఏ మేకు ఏ ఇంటిదో బాబాయి బుర్రలో ఉంటుంది. ఆ బుర్రలో అంతకుమించి పెద్దగా ఏమీ లేదని ఆయన భార్య అభిప్రాయం.

ఇదంతా పెద్ద టీచరుగారితో మొదలైంది. ఆవిడ రిటైరైన ఏడాదిలోనే మూడుసార్లు తాళంచెవి లోపల వదిలేసి తలుపు లాగేసుకున్నారు. నాలుగోసారి "ఇంకోటి నీ దగ్గర పడి ఉండనీ నాయనా" అని ఇచ్చేసి వెళ్ళారు. ఆవిడని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు ఇచ్చారు. తాళంచెవి ఇచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఊరెళ్తే మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నారు, పిల్లికి పాలు పెట్టమన్నారు, కుళాయి కట్టామో లేదో చూసి రమ్మన్నారు. మూడో నంబరు ఇంట్లో తాతగారు స్నానాలగదిలో పడిపోయినప్పుడు డాక్టరుని వెంటబెట్టుకెళ్ళి తలుపు తీసింది బాబాయే. పదిహేనేళ్ళు గడిచేసరికి వీధి దీపం వెలగకపోయినా, కాలువ పొంగినా జనం ఆయన కొట్టు ముందుకొచ్చి కేకలేయడం మొదలుపెట్టారు. ఆయన కూడా తప్పు తనదే అన్నట్టు ఆకురాయి పక్కన పెట్టి మునిసిపల్ ఆఫీసుకి నడిచేవాడు.

అందుకే వార్డు ఎన్నికలు రాగానే "నువ్వు నిలబడు, మేం లేమా" అని అందరూ కలిసి ఆయన్ని మునగచెట్టు ఎక్కించారు. ఆయనా నిచ్చెన అడక్కుండా ఎక్కేశాడు.

నామినేషన్ వేసొచ్చిన సాయంత్రం కూతురు కరపత్రం రాయడానికి కూర్చుంది. లాయరు ఆఫీసులో టైపు చేస్తుంది, భాష మీద పట్టున్న పిల్ల.

"నాన్నా, ప్రజాసేవలోకి ఎలా వచ్చావో చెప్పు."

"నేనెక్కడికొచ్చానమ్మా? స్టూలు మీదే ఉన్నాను. వాళ్ళే వచ్చారు."

"అలా రాస్తే ఎవరూ ఓటెయ్యరు. చిన్నప్పటినుంచీ సేవ చెయ్యాలని తపన, అలాంటిదేదో ఉండాలి."

"చిన్నప్పుడు నాకున్న తపనల్లా బడి ఎగ్గొట్టాలనే."

చివరికి గంటసేపు ఆలోచించి ఒక్క వాక్యం చెప్పాడు, అందులో అక్షరం మార్చడానికి వీల్లేదన్నాడు. 'ఈ వీధిలో నలభై మూడు ఇళ్ళ తాళాలు నా చేతిలో ఉన్నాయి.' లోపల్నుంచి భార్య వింది.

"అది తీసేయండి. వినడానికేం బాగాలేదు" అంది.

"నమ్మకమంటే అదే. నీకేం తెలుసు" అన్నాడు బాబాయి.

ఆవిడకి తెలుసు. మర్నాడు పొద్దున కరపత్రాలు పంచారు, మధ్యాహ్నం కాకముందే మందుల షాపు ఆవిడ కొట్టు దగ్గరికొచ్చింది. చుట్టాలొస్తున్నారట, ఒక తాళంచెవి తక్కువైందట. బాబాయి తీసిచ్చాడు. ఆవిడ వెళ్ళిన కాసేపటికి ఇన్సూరెన్సాయన వచ్చాడు. తాళంచెవికి తుప్పు పట్టిందేమో, ఇంటికి తీసుకెళ్ళి నూనె రాస్తాడట. ఇంకొకరు తాళమే మార్చేస్తున్నామన్నారు. ఆ చుట్టుపక్కల తాళాలు బిగించేవాడు తనొక్కడే కదా, మరి ఎవరిచేత మార్పిస్తారో బాబాయి అడగలేదు. బట్టలు ఇస్త్రీ చేసే ఆయన ఒక్కడే ఉన్నమాట అన్నాడు.

"నువ్వు మంచోడివే బాబాయ్. కానీ రాజకీయాల్లోకి వెళ్ళావుగా."

పోటీలో ఉన్న ఇంకో మనిషి రెండు వీధుల అవతల డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన. ఆయన బాబాయిని పల్లెత్తు మాట అనలేదు. కారుకి మైకు కట్టించుకుని వచ్చి, కొట్టు ముందు ఆపి, బాబాయి కరపత్రంలోని ఆ ఒక్క వాక్యం మూడుసార్లు నిదానంగా చదివి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపం ఎరగని బాబాయి పలకకి అడ్డంగా నిలబడ్డాడు.

వారం తిరిగేసరికి పలక మీద తొమ్మిది మిగిలాయి. గెలుపు సంగతి ఆయన మర్చిపోయాడు. పొద్దున్నే కొట్టు తెరవగానే ఖాళీ మేకులు లెక్కపెట్టుకునేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు.

"ఓట్లు పోతే పోనీవే. పదిహేనేళ్ళలో ఎవరింట్లోనైనా ఒక్క చెంచా పోయిందా?" అన్నాడు. ఆ పూట భార్యే అన్నం కలిపి పెట్టింది.

పోలింగు రెండు రోజులుందనగా, పొద్దున పదింటికి, మందుల షాపు ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి, చెత్త పారేయడానికి బయటికి వస్తే వెనకాలే తలుపు మూసుకుని తాళం పడిపోయింది. లోపల రెండేళ్ళ మనవడు నిద్రపోతున్నాడు. మారు తాళంచెవి ఏదంటే, బాబాయి దగ్గర్నుంచి తీసుకెళ్ళింది కదా, భద్రంగా లోపల గోడకి తగిలించింది.

బాబాయి వంకర తిప్పిన వైరుముక్క పట్టుకుని పరుగెత్తాడు. వీధి వీధంతా వెనకాలే వెళ్ళింది, మైకు కారు ఆపుకుని డ్రైవింగ్ స్కూలాయన కూడా. బాబాయి తలుపు ముందు గొంతుక్కూర్చుని, చెవి ఆనించి, వైరు రెండుసార్లు తిప్పాడు. తలుపు తెరుచుకుంది. పాలు అప్పుడే అంచుకొస్తున్నాయి. పిల్లాడు కనీసం పక్కకి తిరగలేదు.

శభాష్ అన్నవాడు లేడు. అందరూ ఆ వైరుముక్క వంక చూశారు, తర్వాత ఎవరి గుమ్మం వంక వాళ్ళు చూసుకున్నారు.

"అంటే, మా ఇంటి తాళం కూడా ఇలాగే వచ్చేస్తుందా?" అని ఇన్సూరెన్సాయన నెమ్మదిగా అడిగాడు.

"నీ దానికి వైరు కూడా దండగ. ఒక్క గుద్దు గుద్దితే చాలు. మార్చుకోమని మూడేళ్ళుగా చెబుతున్నా కదా."

పెద్ద టీచరుగారు నవ్వీనవ్వీ గోడ పట్టుకున్నారు. "తాళంచెవులు తెచ్చేసుకుని భద్రంగా ఉన్నామనుకున్నారా? ఇన్నేళ్ళూ ఇతను చాటుగా మన ఇళ్ళలోకి దూరకపోవడానికి కారణం తాళాలనుకున్నారా?" అన్నారు. తేలు కుట్టిన దొంగల్లా ఒక్కొక్కరే జారుకున్నారు.

ఇంకేముంది, గెలిచేశాననుకున్నాడు బాబాయి. ధన్యవాదాలు చెప్పే ప్రసంగం కూడా కూతురిచేత రాయించాడు. ముప్ఫై ఒక్క ఓట్ల తేడాతో డ్రైవింగ్ స్కూలాయన గెలిచాడు.

మర్నాడు కొట్టు తెరవబుద్ధి కాలేదు. ఇంట్లో ఉంటే భార్య ముఖం చూడాలని తెరిచాడు. తల వంచుకుని ఏదో అరగదీస్తూ కూర్చుంటే, ముందున్న బల్ల మీద తాళంచెవి పడిన చప్పుడైంది.

"మా మేకు ఖాళీగానే ఉందా బాబాయ్?" అంది మందుల షాపు ఆవిడ. ఆవిడ వెనకాల వరసగా జనం, అందరి చేతుల్లోనూ తాళంచెవులే. పది దాటేలోపు నలభై మూడూ నిండాయి.

"ఇంత నమ్మకముంటే ఓటెందుకు వెయ్యలేదయ్యా?" అని బాబాయి ఉండబట్టలేక అడిగాడు.

ఇన్సూరెన్సాయన తల గోక్కున్నాడు. "గెలిస్తే నువ్వు ఆఫీసులో కూర్చుంటావు. మా తలుపుకి తాళం పడిపోతే ఎవరి దగ్గరికి పోవాలి?" మిగతావాళ్ళంతా అదేగా అన్నట్టు చూశారు.

అందరికంటే చివర డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. "ఇక నేను ఇంటిపట్టున ఉండేది లేదు, ఇది కూడా ఉంచండి" అని తన తాళంచెవి బల్ల మీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "ఆ కాలువ సంగతి ఏ గదిలో, ఎవర్ని అడగాలో కాస్త చెబుతారా?" అన్నాడు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. నిండిన పలక చూసి నవ్వుకుంది.

"ప్రేమంతా ఉంది కానీ ఒక్కడూ ఓటెయ్యలేదే. మనింటివి మూడు గ్యారంటీ, అంతే" అన్నాడు బాబాయి.

"రెండు" అంది ఆవిడ, క్యారేజీ గిన్నెలు విప్పుతూ.

బాబాయి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దలు పిచ్చివాళ్ళేం కాదు.

"గెలిస్తే మీరు పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తారు. ఇన్నేళ్ళుగా మధ్యాహ్నం ఇక్కడికొచ్చి, మీతో కలిసి తిని వెళ్తున్నాను. అది మానుకోవడం నా వల్ల కాదు" అంది.

బాబాయి ఆకురాయి పక్కన పెట్టాడు. తర్వాత పెట్టెలోంచి సుత్తి తీశాడు. ఆవిడ మేకు పట్టుకుంటే, పలక చివర డ్రైవింగ్ స్కూలాయన కోసం నలభై నాలుగోది కొట్టాడు. అన్నం చల్లారిపోతోందని ఆవిడ రెండుసార్లు అంది.