వికెట్లు పడ్డాక అరిచిన నో బాల్

మా క్లబ్బు కొంప ముంచింది పళ్ళ డాక్టరు. ఎవరడిగినా ఇదే చెబుతాను. రేపు ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకోవాల్సి వచ్చినా ఇదే చెబుతాను.

నాది వెల్డింగ్ షాపు. ఏడో తరగతితో బడి మానేశాను. వారమంతా "ఏయ్ వెల్డింగూ" అని పిలిచేవాళ్ళే ఆదివారం పొద్దున "సెక్రటరీ గారూ" అనేవారు. ఆ ఒక్క పూట కోసం మిగతా రోజులు నిప్పురవ్వలు మీద పడ్డా ఓర్చుకునేవాణ్ణి. మా క్లబ్బుకి ఒకటే రూలు. ఎవడూ మొహం మాడ్చుకోకూడదు. క్యాచ్ వదిలేసినవాడికి చప్పట్లు, సున్నాకి అవుటైనవాడికి మొదటి టీ. గెలిచామా ఓడామా అన్నది టీ చల్లారేలోపే మరిచిపోయేవాళ్ళం.

గ్రౌండు కట్టెల మిల్లు పెద్దాయనది. మిల్లు వెనక దుంగలు ఆరబెట్టే జాగా. రాళ్ళన్నీ నేనే ఏరాను. పాత నీళ్ళ పైపులో కాంక్రీటు పోసి, ఇరుసు వెల్డ్ చేసి, ఆ రోలర్ లాగి లాగి పిచ్ చదును చేశాను. వాన పడితే మిల్లులోంచి రంపపు పొట్టు తెచ్చి చల్లేవాణ్ణి. పెద్దాయన అద్దె అడగలేదు. "నన్ను కూడా ఆడనిస్తారా?" అని మాత్రం అడిగాడు, కాస్త సిగ్గుపడుతూ.

డెబ్భై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పొడుగు చేతులది, వేసుకొచ్చేవాడు. ప్యాడ్లు నేనే కట్టేవాణ్ణి. ఆయన బ్యాటింగుకి దిగితే అంపైర్ని నేనే. బంతి వికెట్లకు తగిలిందా, "నో బాల్!" అని అరిచేవాణ్ణి. గాల్లోకి లేపాడా, కింద ఉన్నవాడు వదిలేసేవాడు. ఒక్క పరుగు వచ్చేదాకా అంతే, తరవాత ఆయన అదృష్టం. సున్నాకి ఒక్కసారి కూడా అవుటవలేదని పెద్దాయన మిల్లుకొచ్చే లారీ డ్రైవర్లకి కూడా చెప్పుకునేవాడు.

ఈ సంగతి కొత్తగా చేరిన డాక్టరు చెవిన వేశాను. "అలాగే అన్నా" అన్నాడు. అన్నవాడు ఆ ఆదివారం తన బౌలింగు చూసుకోవాలని నా వెనకాల కర్రకి సెల్‌ఫోను తగిలించి, పెద్దాయనకి వేసిన మొదటి బంతికే మధ్య వికెట్టు ఎగరగొట్టాడు.

"నో బాల్!" అన్నాను.

"ఎక్కడన్నా నో బాలు? కాలు గీతకి జానెడు వెనక ఉంది!"

కన్నుగీటాను. చూసుకోలేదో, చూసి కూడా పట్టించుకోలేదో. వికెట్ల వెనక కీపింగు చేస్తున్న మా బావమరిది అందుకున్నాడు. "పన్ను పీకినంత తేలికనుకున్నారా డాక్టరు గారూ, వికెట్టు పీకడమంటే!"

అందరం నవ్వాం. పెద్దాయన కూడా నవ్వాడు. డాక్టరొక్కడే నవ్వలేదు.

టీ దగ్గర డాక్టరు ఫోను తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టాడు. "మీరే చూడండి సార్, న్యాయం చెప్పండి." నాకు చూపిస్తే సరిపోయేది కదా? సెక్రటరీని నేను కదా?

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నేనూ ఆయన భుజం మీదుగా చూశాను. డాక్టరు కాలు గీత వెనకే ఉంది. వికెట్టు పడింది. అది పడ్డాక, తీరిగ్గా, నా చెయ్యి లేచింది. వికెట్ల వెనక మా బావమరిది గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. స్లిప్‌లో ఉన్నవాడు తొడ చరుచుకుంటున్నాడు. బ్యాటు పట్టుకుని ఇటు తిరిగి నిలబడే మనిషికి వెనక ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది?

"మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు. "ఎప్పట్నించి?"

బావమరిది మా రూలు తప్పలేదు. "క్లబ్బు పుట్టిన రోజు నించే పెద్దాయనా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆయన అక్కడే కూర్చుని ప్యాడ్లు విప్పుకోబోయాడు. నేను వేసిన ముడులు ఆయనకి ఊడి రాలేదు. విప్పుదామని నేను వంగితే, "వద్దులే" అన్నాడు. చాలాసేపే పట్టింది.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి పిచ్ మీద దుంగలు. పక్కన బోలెడు జాగా ఉండగా సరిగ్గా పిచ్ మీదే. ఆఫీసు గదిలోకి వెళ్ళాను.

"డాక్టరు కొత్తవాడు పెద్దాయనా, తెలియక..."

"అతని మీద నాకేం కోపం? నన్ను మనిషనుకుని బంతి వేసినవాడు అతనొక్కడే."

"మేం ప్రేమతోనే..."

"ఇంటికెళ్తే మనవరాలు ఎదురొచ్చి, ఇవాళ ఎన్ని కొట్టావు తాతా అనేది. చెప్పేవాణ్ణి. దానికిప్పుడు ఏం చెప్పమంటావు?" బిల్లుల మీంచి తల ఎత్తలేదు. "దుంగలకి జాగా కావాలయ్యా. వెళ్ళిరా."

డాక్టరు ఊరవతల గంటల లెక్కన అద్దెకిచ్చే గ్రౌండు వెతికాడు. ఒక్కొక్కడూ అటే జారుకున్నాడు. చివరికి మా బావమరిది కూడా. "నువ్వూ రా బావా. అక్కడ అసలు అంపైరున్నాడు" అన్నాడు. జోకే వేశాడట.

రోలర్ని షాపు ముందుకి దొర్లించుకొచ్చాను. గేట్లు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుంటున్నారు. ఆదివారం కూడా షాపు తీస్తున్నాను. "ఏయ్ వెల్డింగూ" అంటే పలుకుతున్నాను.

"ఎందుకలా అయిపోతావు? ఆ జాగా ఏమన్నా నీదా?" అంటుంది మా ఆవిడ.

జాగా నాది కాదు. పోయింది మాత్రం నాదే. పొడవు ఇరవై రెండు గజాలు, వెడల్పు మూడు గజాల ఒక అడుగు.