కల్పనకు రెండు మార్కులు

భివండి తెలుగు సంఘం వాళ్లు పిల్లలకు కథల పోటీ పెడితే జడ్జీలం ఇద్దరమే. ఒకరు నేను, పేరు కళ, పాతికేళ్లుగా బడిలో తెలుగు టీచర్ని. ఇంకొకరు సంఘం అధ్యక్షుడు దత్తాత్రి సేఠ్, వరాలా తలావ్ పక్కన సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా ఉన్నాయన. నేసిన తానులో మచ్చ కనబడితే కూలి కోసే మనిషి కాబట్టి కథల్లో కూడా తప్పులు బాగా పట్టుకుంటాడని సంఘం నమ్మకం. భాషకు పది, కథ నడకకు పది, కల్పనకు పది మార్కులు.

వచ్చినవాటిలో ముప్పావు వంతు పల్లెటూరి కథలే. చెరువు, ఎడ్లబండి, కుందేలు. ఈ ఊరి టెంఘర్ గల్లీల్లో పుట్టిన పిల్లలు కుందేలును ఎక్కడ చూశారో ఆ దేవుడికే తెలియాలి. వాటి మధ్య తొమ్మిదో తరగతి మల్లిక కథ తగిలింది. సాంచ నడిపే బాపు నర్సింగం పని మీదే కుప్పకూలి చనిపోతాడు. ఆయన సద్దిగిన్నె తెచ్చుకుందామని బిడ్డ కార్ఖానాకు పోతే, బాపు చొక్కా తగిలించే మేకుకు అప్పటికే ఇంకొకరి చొక్కా ఉంటుంది. సాంచ నడుస్తూనే ఉంటుంది. బిడ్డ బడి మానేసి బట్ట మడత పెట్టే పనికి పోతుంది.

దత్తాత్రి సేఠ్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచేదేముంది. భాషకు తొమ్మిది, నడకకు పది వేశాం. కల్పనకు మాత్రం రెండే. పోటీ కాగితం మీద పిల్ల తండ్రి పేరు కూడా నర్సింగమే, జరిగింది జరిగినట్టు రాసింది, ఇందులో కల్పించిందేముందని సేఠ్ వాదన. నాకూ సబబే అనిపించింది. అయినా మొదటి బహుమతి ఆ పిల్లకే వచ్చింది.

ఆ సంగతి చెప్పి, తల్లిని కూడా పరామర్శించి వద్దామని బయల్దేరాం. చావింటికి ఉత్తచేతులతో పోకూడదని సేఠ్ ఒక బియ్యం మూట రిక్షాలో వేయించాడు. టెంఘర్లో ఇల్లెక్కడని అడుగుతూ పోతే, గుమ్మం ముందు లుంగీ కట్టుకున్న ఒకాయన పళ్లు తోముకుంటున్నాడు.

"నర్సింగం ఇల్లు ఇదేనా?" అని సేఠ్ అడిగాడు.

"నేనే నర్సింగం. రాత్రి పాళీ దిగి ఇప్పుడే వచ్చిన. గీ బియ్యం ఏంది సేఠ్?"

సేఠ్ మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మాటలు విని మల్లిక బయటికొచ్చింది. కథంతా తనే అల్లిందని ఒప్పుకుంది. సేఠ్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"బతికున్న బాపును చంపుతవా? సంఘంల నేనేం మొఖం పెట్టుకోవాలె? మార్కులన్నీ కొట్టెయ్యి టీచర్."

"ఎట్ల కొట్టేస్తం సేఠ్? ఇది జరగలేదని తేలింది గదా. కల్పనకు పదికి పది రావాలె," అన్నాను. లెక్క ప్రకారం అంతే మరి. పిల్లవైపు తిరిగి, "పేరన్న మార్చకపోయినవా?" అని అడిగాను.

"మార్చి చూసిన టీచర్. వేరే పేరు పెడితే ఏడుపొస్తలేదు."

నర్సింగానికి చదువు రాదు. నోరు పుక్కిలించి వచ్చి గోడకు ఆనుకుని కూచున్నాడు. "నేనెట్ల సచ్చిన్నో జర చదువు బిడ్డా," అన్నాడు. మల్లిక చదివింది. తన చావును తలూపుతూ విన్నాడు. మేకుకు ఇంకొకరి చొక్కా వేలాడే చోట "గది నిజమే" అన్నాడు. సేఠ్ చూపు తిప్పుకున్నాడు. చివరిదాకా విన్నాక మాత్రం నర్సింగం మొహం మారింది.

"నేను సస్తే సచ్చిన గని, బడి ఎందుకు మాన్పిచ్చినవ్? గదొక్కటి మార్చు."

"మారిస్తే అబద్ధమైతది బాపు."

సేఠ్ బియ్యం మూటకేసి చూస్తూ నిలబడ్డాడు.

"గట్లయితే నన్నే బతికియ్యి," అన్నాడు నర్సింగం.

మల్లిక నన్నడిగింది. "బాపు బతికితే ఫస్టుంటదా టీచర్?"

"ఉంటది బిడ్డా, ఎందుకుండదు," అని సేఠే ముందు అన్నాడు.

ఇన్నేళ్లుగా పిల్లల రాతలు దిద్దుతున్నదాన్ని, నాకు తెలుసు. నర్సింగం బతికితే ఆ కథకు మూడో బహుమతి కూడా రాదు. ఉంటుందనే నేనూ తలూపాను.