హెస్టర్ బ్రాకెట్

నా భార్య హెస్టర్ మార్చిలో చనిపోయింది. ఆమె సొంతంగా కట్టుకున్న కారుకు మేలో గేర్‌బాక్స్ కేసింగ్ పగిలింది. గేర్లను కప్పి ఉంచే ఆ అల్యూమినియం పెట్టె పగలడం అది రెండోసారి.

ఆ కారుకు ఇంజను సీట్ల వెనక ఉంటుంది. గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌ను హెస్టర్ తనే గీసుకుంది. ఇలా సొంతంగా కార్లు కట్టుకునేవాళ్ల క్లబ్బు ఒకటుంది; అందులో మరో ఆరుగురు ఆ బొమ్మ చూసే తమ బ్రాకెట్లు చేయించుకున్నారు. కిందటేడు మొదటి కేసింగ్ పగిలినప్పుడు తప్పు తన బ్రాకెట్‌దేనని ఆమె నమ్మింది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని దాన్ని మందంగా మళ్లీ గీసింది. అదీ కాపాడలేదు. శనివారం సమావేశంలో క్లబ్బు ఆ బొమ్మల్ని రద్దు చేయబోతోంది.

ఆలోగా ఒకసారి చూడమని నెవిల్ గార్‌సైడ్‌ను పిలిచాను. డెర్బీ ఊళ్లోని ఇంజన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పోత లోహాలు తనిఖీ చేసిన మనిషి.

"టీ పెట్టావా, లేక మీ స్కూల్లో ఇచ్చే వేడినీళ్లేనా?" అన్నాడు వస్తూనే. నేను బడిపంతులినని అతనికి ఎప్పుడూ వేళాకోళమే.

రెండు కేసింగులనూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో పగుళ్లు చూశాడు.

"ఇటు చూడు మాస్టారూ. ఈ నల్లటిది పాత పగులు, నూనె ఇంకింది. మెరిసేది చివర్లో ఒక్కసారిగా విరిగింది. అంటే మొదలైంది నల్లవైపు."

"బ్రాకెట్ దగ్గరేనా?"

"బ్రాకెట్ జానెడు దూరంలో ఉందయ్యా! ఇంజనుకు అతుక్కునే అంచు దగ్గర, బోల్టు రంధ్రంలో మొదలైంది. రెండింట్లోనూ అక్కడే."

అతను కారు వెనక్కి వెళ్లి, ఇంజను అంచులోని రెండు గుంటల్లో వేలు పెట్టి చూశాడు.

"గొట్టాలేవి?"

"ఏ గొట్టాలు?"

"చిన్న ఉక్కు గొట్టాలు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకదానికొకటి సరిగ్గా కూర్చునేది వాటివల్లే. అవి లేకపోతే రెండూ వెంట్రుకవాసి కదిలి కదిలి కేసింగ్ చీలిపోతుంది. ఏ గాడిద బిగించిందిది?"

కారు కట్టినన్నాళ్లూ బరువు పనులు నావి. మొట్టమొదట గేర్‌బాక్స్ బిగించేముందు ఆ అంచు శుభ్రం చేస్తూ, తుప్పుపట్టిన రెండు ముక్కలు కనిపిస్తే పనికిరానివనుకుని పీకి పారేశాను. హెస్టర్ అడిగితే అంతా శుభ్రంగా ఉందని చెప్పాను. ఆమె మళ్లీ చూడలేదు.

"నేనే," అన్నాను.

నెవిల్ కప్పు కింద పెట్టాడు. "సరే పోనీ. గొట్టాలు లేవని చెబితే చాలు. ఎవరు తీశారని ఎవడడుగుతాడు?"

"హెస్టర్ కట్టిన కారు. అడక్కుండానే ఆమే తీసిందనుకుంటారు."

అతను భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం క్లబ్బు కార్యదర్శికి ఉత్తరం రాశాను. గొట్టాలు పీకింది నేనేననీ, హెస్టర్‌కు ఆ సంగతి తెలియదనీ, ఆమె మొదట గీసిన బొమ్మే సరైనదనీ రాశాను. కింద గొట్టాల కొలతలు కూడా వేశాను. తక్కిన ఆరుగురూ తమ కార్లలో అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.